రొయ్యల గుంటకు ఏఐ కెమెరా కొనొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. మైపాడు వైపు సొంతం రెండెకరాలు, కౌలుకు నాలుగెకరాలు, మొత్తం మూడు గుంటల్లో వనామి రకం రొయ్య వేస్తున్నాం. మా నాయన టైగర్ రొయ్యల రోజుల నుంచీ ఇదే సాగులో ఉన్నాడు. నేను బీటెక్ చదివి, బెంగళూరులో మూడేళ్లు ఉద్యోగం చేసి ఇంటికొచ్చేశాను. పోయిన పంటలో ఒక గుంట మమ్మల్ని బాగా దెబ్బతీసింది. 70 రోజులు దాటినా రొయ్య ఎదగలేదు. మేత మాత్రం తింటూనే ఉంది. చివర్లో గట్టు మూలన తెల్లటి రెట్ట తేలింది. ఈ మధ్య ఒక కంపెనీ వాళ్లు వచ్చి ఏఐ కెమెరాలు చూపించారు. మేత ఎంత తిన్నాయో చూడడానికి గుంటలోకి దించే చెక్ ట్రే మీద ఒకటి, నీళ్లలోపల ఒకటి పెడతారట. జబ్బును ముందే పట్టేస్తుందనీ, గుంటలో ఎన్ని రొయ్యలున్నాయో, ఏ కౌంటులో, అంటే కిలోకు ఎన్ని తూగే సైజులో ఉన్నాయో ఫోన్‌లోనే తెలిసిపోతుందనీ, మేత ఖర్చు తగ్గుతుందనీ చెప్పారు. మూడు గుంటలకూ కలిపి లక్షన్నర పైనే, ఏటేటా చందా వేరే. నాకు నచ్చింది. నాయన ఒప్పుకోవడం లేదు. "నీళ్ల వాసన చూసి నేను చెప్తా, నీ కెమెరాకు వాసన తెలుస్తదా?" అంటాడు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. కొనమంటారా, వద్దంటారా?

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. ఈ పంటకు ఆ సెట్టు మూడు గుంటలకూ కొనొద్దు. నీళ్లలోపల పెట్టే కెమెరా అయితే మట్టిగుంటకు ఏ పంటలోనూ వద్దు. చెక్ ట్రే దగ్గర కెమెరా చేస్తానంటున్న పని మాత్రం నిజంగా పనికొచ్చేదే. దాన్ని నీ జేబులో ఉన్న ఫోన్‌తో, ఒక తెల్ల ట్రేతో, ఒక స్కేలుతో ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. రెండు నెలలు అలా చేశాక ఆ కంపెనీ మనిషిని మళ్లీ పిలువు. అప్పటికి ఏం అడగాలో నీకే తెలుస్తుంది.

నీ ఆలోచన తప్పని నేననను. రొయ్యల సాగులో మనకున్న పెద్ద కష్టమే సరుకు కంటికి కనిపించకపోవడం. వరి అయితే గట్టు మీద నిలబడితే చాలు, ఏ మడి పచ్చగా ఉందో ఏ మడి ఎర్రబారిందో తెలిసిపోతుంది. రొయ్య నీటి అడుగున ఉంటుంది. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని వదిలిన రోజు లెక్క తెలుసు, పట్టుబడి రోజు లెక్క తెలుసు, మధ్యలో మూడు నెలలు అంచనాల మీద నడుస్తాం. ఆ మూడు నెలలూ కళ్లారా చూడాలన్న ఆరాటం న్యాయమైనదే. అయితే ఏది చూడగలమో, ఏది చూడలేమో తేల్చుకోకుండా డబ్బు పెడితే, మేత బాకీ మీద ఇంకో బాకీ అవుతుంది.

నీళ్ల సంగతి చూద్దాం. మీ నాయన దగ్గర సెచ్చి డిస్క్ ఉండే ఉంటుంది, నలుపు తెలుపు రంగులేసిన గుండ్రటి బిళ్ల. దాన్ని గుంటలోకి దించినప్పుడు 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే నీళ్లు బాగున్నాయంటాం. నీళ్లలో తేలే సూక్ష్మమైన పాచి, ప్లాంక్టన్, సరిపడా ఉందని లెక్క. అది మూర లోతు కూడా కాదు. అంటే గుంట మంచి స్థితిలో ఉన్నప్పుడే మూర దూరంలోని వస్తువు కనిపించదన్నమాట. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుంటే లేచే బురద ఒకటి, లెన్సు మీద నాలుగు రోజుల్లో పట్టే పాచి ఒకటి. అలాంటి నీళ్లలో ఎకరా గుంటలో ఎన్ని రొయ్యలున్నాయో ఏ కెమెరా లెక్కపెట్టలేదు. దాని ముందు నుంచి పోయిన పదింటినో ఇరవైంటినో చూసి, గుంట మొత్తానికి గుణించి ఒక అంకె చెప్తుంది. ఆ అంకె నమ్మి మేత వేస్తే ఏమవుతుందో కింద చెప్తాను. తేటనీటి నర్సరీ ట్యాంకుల్లో నీటి కెమెరాలు బాగానే పనిచేస్తాయి. వాళ్లు నీకు చూపించిన వీడియో ఒకసారి గుర్తు తెచ్చుకో. అందులో అడుగు కనిపిస్తోందా? కనిపిస్తుంటే అది మన గుంట లాంటిది కాదు.

మట్టినీళ్లలో కన్ను పనిచేయదని తెలిసే కొన్ని కంపెనీలు చెవిని నమ్ముకున్నాయి. రొయ్య మేత గింజను కొరికేటప్పుడు టిక్కు టిక్కుమని చిన్న మోత వస్తుంది. నీళ్లలో మైకు పెట్టి ఆ మోత వింటూ, తింటున్నంతసేపూ మేత వదిలి, మోత తగ్గగానే ఆపేసే ఫీడర్లున్నాయి. మన రాష్ట్రంలోనే, విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక అనే కంపెనీ గుంటలో ఆక్సిజన్ కొలిచే తేలుడు పరికరాలతో మొదలై ఆటోమేటిక్ ఫీడర్ల దాకా వచ్చింది. ఆరెకరాలకు నీకు ఇప్పుడే ఫీడర్లు అక్కర్లేదు. నీటి కింద చూడడానికి ఫోటో ఒక్కటే దారి కాదని తెలియాలనే చెప్తున్నాను.

కెమెరాకు బలం ఉన్నది పైకి తీసిన రొయ్య దగ్గర, తెల్లటి అడుగు మీద, మంచి వెలుతురులో. ఇక్కడ ఏఐ అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు గానీ, నాయనకు ఇలా చెప్పు: వేల ఫోటోలు ముందు వేసుకుని మనుషులు కూర్చుని ఇది రొయ్య, ఇది తినకుండా మిగిలిన మేత, ఇది వదిలేసిన గుల్ల అని ఒక్కోదానికీ గుర్తు పెట్టి నేర్పిస్తారు. ఆ తర్వాత కొత్త ఫోటో చూపిస్తే వాటిని గుర్తుపడుతుంది. నేర్పనిది గుర్తుపట్టదు. పలక మీద పిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టే.

తెల్ల ట్రే మీద కెమెరా చేసే అసలు మేలు ఒకటుంది. కంపెనీ వాళ్లు నీకు అది చెప్పారో లేదో. మనం వారానికోసారి విసురువల వేసి, పడ్డవాటిని బుట్టలో తూచి, లెక్కపెట్టి కౌంటు కట్టేస్తాం. కిలోకు 80 వస్తే సగటున పన్నెండున్నర గ్రాములు. ఇప్పుడు రెండు గుంటలు ఊహించుకో. ఒకదాంట్లో రొయ్యలన్నీ పన్నెండు, పదమూడు గ్రాముల దగ్గరున్నాయి. రెండోదాంట్లో సగం 16 గ్రాములు, సగం 9 గ్రాములు. బుట్టలో తూస్తే రెండూ 80 కౌంటే. బుట్ట సగటు చెప్పి ఊరుకుంటుంది. ఫోటోలో ఒక్కో రొయ్య పొడవూ విడివిడిగా వస్తుంది. వంద రొయ్యలను కొలిచి పొడవుల వారీగా వరసపెడితే మొదటి గుంట ఒకే గుట్టగా కనిపిస్తుంది, రెండోది రెండు గుట్టలుగా విడిపోతుంది. ఆ రెండో గుట్ట మొలిచిన వారమే నువ్వు మేల్కోవాలి.

ఎందుకో మీ పోయిన పంటే చెప్తోంది. మేత తింటూ ఎదగకపోవడం, సైజు తేడాలు, చివర్లో తెల్ల రెట్ట, ఇవన్నీ కలిస్తే ముందుగా అనుమానించాల్సింది ఈహెచ్‌పీని. రొయ్య తలలో మనం లివర్ అని పిలిచే భాగంలో చేరే సూక్ష్మజీవి అది. చంపేయదు, ఎదగనివ్వదు. పైకి ఏ మచ్చా కనిపించదు. దానికి మందు లేదు. 30, 35 రోజులకే ఆ గుంటలో రొయ్యలు రెండు సైజులుగా విడిపోతున్నాయని తెలిసి ఉంటే, నాలుగు రొయ్యల్ని ల్యాబుకు పంపి, జబ్బు క్రిమిని పట్టే పీసీఆర్ పరీక్ష చేయించి, నలభై రోజుల మేత ఖర్చు మిగుల్చుకునేవాళ్లు. ఫోటో చేసే పని అక్కడిదాకే. సైజులు విడిపోతున్నాయని చెప్తుంది. కారణం ఈహెచ్‌పీయా, సీడ్‌లోనే తేడానా, మేత ఒకే చోట పడడమా అన్నది ల్యాబ్ చెప్పాలి, మీ నాయన చెప్పాలి.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను. కొన్నేళ్ల కిందట అల్లూరు వైపు మా గుంటలో ఒక కంపెనీ వాళ్ల యాప్ పెట్టుకున్నాం. ఫోన్‌తో ఫోటో తీస్తే కౌంటు చెప్పేది. రెండు వారాలు అదే నమ్మాం. యాప్ 49 కౌంటు అంది. వ్యాపారితో 50 కౌంటు రేటు మాట్లాడుకున్నాం. తెల్లవారుజామున లారీ వచ్చింది, ఐసు వచ్చింది, కూలీలు గుంటలోకి దిగారు. మొదటి క్రేటు తూచేసరికి 60 తేలింది. వల లాగాక మళ్లీ నీళ్లలోకి వదిలేది లేదు కదా. 60 రేటుకే ఇచ్చేశాం. ఆ రోజు మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

తప్పెక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. ఫోటో తీసేటప్పుడు కుర్రాడు స్కేలును నేల మీద, ట్రే పక్కన పెట్టేవాడు. రొయ్యలు ట్రేలో, నేలకు రెండు సెంటీమీటర్ల పైన ఉండేవి. ఫోన్ అడుగు ఎత్తులో, అంటే 30 సెంటీమీటర్ల పైన పట్టేవాడు. రొయ్యకూ ఫోన్‌కూ మధ్య దూరం 28, స్కేలుకూ ఫోన్‌కూ మధ్య 30. దగ్గరగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది, 7 శాతం పెద్దగా. ఏడు శాతమేగా అనిపిస్తుంది. కానీ రొయ్య పొడవు పెరిగితే లావూ ఎత్తూ కూడా పెరుగుతాయి, కాబట్టి బరువును పొడవుతో మూడుసార్లు గుణించి అంచనా కడతారు. ఏడు శాతం తప్పు బరువు దగ్గరికి వచ్చేసరికి 23 శాతం అవుతుంది. 60 కౌంటు రొయ్య 49గా కనిపించింది అందుకే. యాప్‌లో లోపం లేదు. స్కేలు పెట్టిన చోటులో ఉంది. ఆ సంగతి ముందే హెచ్చరించాల్సిన బాధ్యత మాత్రం అమ్మినవాళ్లదే, వాళ్లు హెచ్చరించలేదు.

రేటు నష్టం ఒక్కటే కాదు. మేత కూడా ఆ బరువు మీదే లెక్క కట్టాం. నీ గుంటకు వేసి చూడు: ఎకరాకు లక్షన్నర సీడ్, నూటికి 80 బతికితే లక్షా ఇరవై వేల రొయ్యలు, ఒక్కోటి 10 గ్రాములైతే 1,200 కిలోలు. అందులో సుమారు 4 శాతం మేత అంటే రోజుకు 48 కిలోలు. బరువు అంచనాలో 15 శాతం ఎక్కువ పడితే రోజుకు 7 కిలోలు అదనం. పది రోజుల్లో 70 కిలోలు గుంట అడుగుకు చేరుతుంది. మేతలో 35 శాతం ప్రొటీన్ ఉంటే ఆ 70 కిలోల్లో దాదాపు 4 కిలోల నత్రజని ఉన్నట్టు. అదే రేపు అమ్మోనియా అవుతుంది, అడుగు నల్లబడుతుంది. మేత ఖర్చు తగ్గించడానికి కొన్న కెమెరా మేత ఖర్చు పెంచి, నీళ్లనూ పాడుచేసిందన్నమాట.

కాబట్టి ఫోటో ఎలా తీయాలో జాగ్రత్తగా విను, డబ్బంతా ఇందులోనే ఉంది. అడుగు చదునుగా ఉన్న తెల్ల ప్లాస్టిక్ ట్రే తీసుకో. స్కేలును ట్రే లోపలే, రొయ్యల మట్టానికే ఉండేలా అంటించెయ్. ట్రేకు ఒక పీట లాంటి చట్రం చేయించి ఫోన్‌ను దాని మీద పెట్టు, ప్రతిసారీ ఒకే ఎత్తు రావాలి. చేత్తో పట్టుకుంటే వంగుతుంది. రొయ్యలు ఒకదాని మీద ఒకటి పడకుండా పది పదిహేను చొప్పున పరుచు. వంకర తిరిగి ముడుచుకున్నవాటిని నిదానంగా నిటారు చెయ్. ఎండలో వద్దు, షెడ్డు నీడలో తియ్, మీద నీళ్లు మెరిస్తే కొలత తప్పుతుంది. ఫోన్‌లో ఉన్న రంగుల మెరుగులన్నీ ఆపెయ్. ఆ మెరుగులతో తీస్తే పాలిపోయిన పేగు కూడా గోధుమరంగులో కనిపిస్తుంది.

పేగు గురించి ఎందుకంటున్నానంటే, అదే ఫోటోలో వీపు మీద పేగు గీత కూడా పడుతుంది. మీ నాయన రొయ్యను వెలుతురుకు పట్టి చూసేది దాన్నే. మేత రంగులో, తల నుంచి తోక దాకా తెగకుండా నిండుగా ఉంటే మేత బాగా తింటోంది. నల్లగా ఉంటే మేత చాలక అడుగు బురదా పాచీ తింటోంది. ఎర్రగా ఉంటే చచ్చిన తోటి రొయ్యల్ని తిందేమోనని అనుమానించాలి. తెల్లగా పాలిపోతే, ముక్కలు ముక్కలుగా తెగితే ఆ రోజే ల్యాబ్. ఈ రంగులు ఒక రోజు ఫోటోలో పెద్దగా అర్థం కావు. ముప్పై రోజుల ఫోటోలు వరసగా పెట్టి చూస్తే, నిండుగా ఉన్న పేగు ఏ తేదీ నుంచి సగమైందో తేలుతుంది. మనిషి కంటికి నిన్నటి రొయ్య అంత కచ్చితంగా గుర్తుండదు. ఫోన్‌లో ఉంటుంది.

రొయ్యల్ని ఎక్కడి నుంచి తీస్తున్నావన్నది ఫోటో కంటే ముఖ్యం. గట్టు వార నీరసంగా ఈదేవి జబ్బువి కావచ్చు. చెక్ ట్రేలోకి వచ్చినవి ఆకలిగా, చురుగ్గా ఉన్నవి. చెక్ ట్రేలోవాటినే కొలిస్తే గుంట ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది. వారానికోసారి గుంటలో నాలుగైదు చోట్ల విసురువల వేసి, అన్నీ కలిపి, అందులోంచి ఏరకుండా వంద తియ్. కుర్రాళ్లకు పెద్దవి ఏరి చూపించే అలవాటు ఉంటుంది, యజమాని సంతోషిస్తాడని. అది మాన్పించు.

జబ్బును ముందే పట్టేస్తుందన్న మాట దగ్గర నాకు కోపం వస్తుంది. 1994, 95లో వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు మన జిల్లాను ఎలా ఊడ్చేసిందో మీ నాయనను అడుగు. ఆ రోజుల్లో టైగర్ రొయ్య తల గుల్ల మీద తెల్ల చుక్కలు చూసి గుర్తుపట్టేవాళ్లం. వనామిలో ఆ వైరస్ ఉన్నా చాలాసార్లు చుక్కలు పడవు. బ్యాక్టీరియా వల్లా అలాంటి చుక్కలే రావచ్చు. అంటే చుక్కలు లేవని ఫోటో ధైర్యం చెప్పినా నమ్మలేం, ఉన్నాయని భయపెట్టినా తేల్చలేం. వైరస్ ముదిరితే మూడు రోజుల నుంచి పది రోజుల్లోపు గుంట ఖాళీ అవుతుంది. తేల్చేది పీసీఆర్ ఒక్కటే. ఫోటో చూసి జబ్బు పేరు చెప్పి, వెంటనే కింద మందు పేరు కూడా చూపించే యాప్ ఏదైనా ఉంటే దాన్ని తీసెయ్, ముఖ్యంగా ఆ మందు అమ్మేదీ వాళ్లే అయితే. తెలియని డబ్బాలో నిషేధించిన యాంటీబయాటిక్ ఉంటే, ఎగుమతి దగ్గర నమూనాలో దొరికితే, పోయేది నీ ఒక్కడి సరుకు కాదు.

లక్షన్నర నిజంగా చేతిలో ఉంటే నేనెక్కడ పెడతానో చెప్తాను. ముందు ఆ దెబ్బతిన్న గుంట అడుగు. ఈహెచ్‌పీ సూక్ష్మబీజాలు మట్టిలో ఉండిపోతాయి, నీళ్లు మార్చినంత మాత్రాన పోవు. గుంట బాగా ఎండబెట్టి, దున్ని, హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరాకు సుమారు 2.4 టన్నుల కాల్చిన సున్నం వేసి తడిపితే మట్టి పీహెచ్ 12 దాకా పోయి అవి చస్తాయి. మామూలుగా మనం చల్లే సున్నం ఇందుకు సరిపోదు. కౌలు గుంటలో ఇంత ఖర్చా అని మీ నాయన అనొచ్చు, కానీ అదే గుంటలో మళ్లీ అదే పంట చూడడం కంటే ఇది నయం. రెండోది సీడ్ తెచ్చే ముందు వైట్‌స్పాట్‌కూ ఈహెచ్‌పీకీ పీసీఆర్, హ్యాచరీ ఇచ్చిన కాగితం కాకుండా మీరు ఇప్పించుకున్న నమూనా మీద. మూడోది మంచి ఆక్సిజన్ మీటర్. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలప్పుడు ఆక్సిజన్ అడుగంటుతుంది. అది 4 పీపీఎం పైన ఉండాలి, 3 కిందికి పోతే రొయ్య తట్టుకోలేదు. రాత్రి కరెంటు పోయి జనరేటర్ లేటయితే ఒక్క గంటలో పంట పోతుంది, ఆ గంటను ఏ కెమెరా పట్టుకోలేదు. ఆక్సిజన్ పడిపోగానే ఫోన్ మోగే పరికరమైతే నేనే కొనమంటాను.

సీడ్ లెక్క దగ్గర మాత్రం ఫోటో యాప్ నిశ్చింతగా వాడుకో. తెల్ల పళ్లెంలో పలచగా నీళ్లు, అందులో రెండు మూడు వందల పిల్లలు. చేత్తో ఒకసారి, యాప్‌తో మూడుసార్లు లెక్కపెట్టు. తేడా చాలా తక్కువ వస్తుంటే ఇక దాన్నే నమ్మొచ్చు. ప్యాకెట్లు దించే రాత్రి నిద్రమత్తులో చేత్తో లెక్కపెట్టడం కంటే అది మేలు.

శాటిలైట్ ఫోటోలతో గుంటలు చూస్తామని కూడా కొందరు వస్తున్నారు. ఉచితంగా దొరికే యూరప్ శాటిలైట్ బొమ్మల్లో ఒక్కో చుక్క 10 మీటర్లు, ఎకరా గుంట అంటే 40 చుక్కలు. ఏ గుంటలో నీళ్లున్నాయి, ఏది ఎండింది అన్నది బ్యాంకుకో బీమా కంపెనీకో తెలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన మీద మబ్బులుంటాయి కాబట్టి అదీ సగమే. రైతుగా నీకు దాంతో పనిలేదు.

నీకు పనున్నది నీ గుంట లెక్కలు ఎవరి చేతిలో ఉంటాయన్న దాంతో. మన దగ్గర చాలామంది మేత అప్పు మీద తెచ్చుకుంటారు, పట్టుబడి వచ్చాక ఆ అప్పిచ్చినవాళ్ల ద్వారానే సరుకు పోతుంది. నీ గుంటలో ఎన్ని టన్నులుంది, ఏ కౌంటులో ఉంది, ఏ రాత్రి ఆక్సిజన్ పడిపోయింది, నువ్వెంత తొందరలో ఉన్నావు, ఇవన్నీ కొనేవాడికి ముందే తెలిస్తే నువ్వు బేరం ఏం ఆడతావు? 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు గుంటల్లో సరుకు ఆపుకోగలిగినవాళ్లెవరు, ఆపుకోలేనివాళ్లెవరు అన్నది ఎంత పెద్ద విషయమైందో చూశాం కదా. కంపెనీ కాగితం మీద సంతకం పెట్టే ముందు మూడు అడుగు: నా గుంట లెక్కలు నా అనుమతి లేకుండా ఎవరికైనా ఇస్తారా, చందా ఆపేస్తే పాత లెక్కలు నా దగ్గర మిగులుతాయా, ఈ ప్రోగ్రాంకు నేర్పించిన ఫోటోలు ఏ ఊరి గుంటలవి. మూడోదానికి తడబడితే వాళ్లను ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీకి రమ్మను, అక్కడి వాళ్ల ముందు నీ రొయ్యల మీదే పరీక్ష పెట్టించు. చెన్నైలో ఉప్పునీటి రొయ్యలు, చేపల సాగు మీద పరిశోధించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీబాకు వనామి రైతుల కోసం ఉచిత యాప్ కూడా ఉంది, అమ్మకం మాటలు లేని సలహా కావాలనుకున్నప్పుడు అది చూడు.

మీ నాయన మాట దగ్గరికొస్తాను. నీళ్ల వాసన అని ఆయన అంటున్నది ఉత్త మాట కాదు. అడుగున మేతా రెట్టా కుళ్లి, గాలి ఆడక, హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టినప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. కాలితో బురద కెలికి ఆయన ఆ వాసన పట్టేసరికి, కెమెరాలో పేగు రంగు ఇంకా మారి ఉండదు. ఆయన కెమెరా కంటే ముందున్నాడు. అలాగే అమావాస్యకు రొయ్య గుల్ల వదిలే రోజుల్లో ఆయన మేత తగ్గిస్తాడు, చెక్ ట్రేలో మేత మిగిలినా కంగారు పడడు. కొత్తగా పెట్టిన యాప్ ఆ రోజే ఎర్ర గుర్తు చూపించి జబ్బు అంటుంది. ఆ ప్రోగ్రాంకు అమావాస్య ఎవరూ నేర్పలేదు. మీ ఇంట్లో అది నేర్పగలవాడు ఒకడే ఉన్నాడు.

అందుకని ఒక పని చెయ్. ఒక నోటుబుక్కు గట్టు మీది షెడ్డులో పెట్టు. వారానికోసారి వల వేసినప్పుడు, ఫోటో తీయకముందే నాయనను ఒక రొయ్య చేతిలో పెట్టుకుని కౌంటు ఎంతో చెప్పమను, రాసుకో. తర్వాత ఫోటో లెక్క రాయి. తర్వాత కాటా మీద తూచి రాయి. ఆయన ఆ రోజు మేత పెంచాడా, తగ్గించాడా, ఎందుకు అన్నది ఒక ముక్క రాయి. గెలుపోటముల పందెంలా చెయ్యకు, పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటాడు. రాసుకోవడానికి నాకు సాయం చెయ్ నాయనా అని అడుగు. ఎనిమిది వారాలయ్యేసరికి మూడు అంకెలు పక్కపక్కన ఉంటాయి. ఫోటో ఎటువైపు తప్పుతుందో, ఎంత తప్పుతుందో తెలుస్తుంది, దాన్ని సరిచేసుకోవచ్చు. ఆ బుక్కు పట్టుకుని కంపెనీ వాళ్లతో కూర్చో, ఒక్క గుంటకు, ఒక్క పంటకు, కాటాకు 5 శాతం లోపు తేడా రాకపోతే డబ్బు వెనక్కిచ్చే షరతు మీద పెట్టించుకో. ఒప్పుకుంటే మంచి కంపెనీ. నాయన కూడా అప్పుడు వద్దనడు, లెక్క ఆయనదే కాబట్టి.

మొదటి వారం తీసిన ఫోటోలు నాకు పంపు, చూసి చెప్తాను. స్కేలు ట్రే లోపల ఉండాలి.